నోట్లో నానిన నువ్వుగింజ

ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదని మన ఇళ్లలో తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట వెనక ధర్మరాజు శాపం ఉందని చిన్నప్పుడు మా ఊళ్లో పురాణం చెప్పే ఆయన చెప్పేవాడు. యుద్ధం ముగిసింది. గంగ ఒడ్డున చచ్చిపోయినవాళ్లకి తిలోదకాలు వదులుతున్నారు. అప్పుడు కుంతి కొడుకు దగ్గరికి వచ్చి, కర్ణుడికి కూడా నీళ్లు వదలమని, అతను మీ అన్నేనని చెప్తుంది. ధర్మరాజు దుఃఖం కోపంగా మారి, ఇకమీదట ఏ ఆడదాని కడుపులోనూ రహస్యం దాగదని శపిస్తాడు.

చిన్నప్పుడు ఈ కథకి అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. స్త్రీవాదం చదువుకున్న రోజుల్లో కోపం వచ్చింది. ఒక తల్లి దాచిందని ఆడజాతినంతా శపించడమేమిటని. ఇప్పుడు ధర్మరాజు మీద ఆ కోపం అంతగా మిగల్లేదు. అదే నన్ను ఇబ్బంది పెడుతోంది. పెళ్లి కాకుండా బిడ్డని కన్నందుకు అతను తల్లిని నిందించలేదు. ఏట్లో వదిలేసినందుకు శపించలేదు. చెప్పనందుకు శపించాడు. ఆమె నోరు విప్పకపోవడం వల్ల తామంతా సొంత అన్నని చంపుకున్నామన్నది అతని బాధ. అందులో అబద్ధమేముంది? పైగా కుంతి అసలు ఎవరికీ చెప్పలేదని కూడా కాదు. యుద్ధానికి ముందు కర్ణుడికి చెప్పింది. చెప్పి, అర్జునుడు తప్ప మిగతా నలుగురినీ చంపనన్న మాట తీసుకుని వెళ్లింది. దాచినప్పుడు తనకోసం దాచింది, చెప్పినప్పుడు మిగతా పిల్లలకోసం చెప్పింది. ఎవరికోసం చెప్పకూడదో, ఎవరికి చెప్పి తీరాలో అన్న ప్రశ్న ఆమెతో పుట్టి ఇంకా మన వంటిళ్లలోనే తిరుగుతోంది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. 2009లో అమ్మ శాలువా తెమ్మంటే పెట్టె తీశాను. శాలువా మడతల్లో గుండుసూది గుచ్చిన ఎనిమిది కాగితాలు. ఇంటద్దె రసీదులు. 1971 జూలై నుంచి 1972 ఫిబ్రవరి దాకా. మాకెవరికీ సంబంధం లేని ఒక ఊరు. అద్దె కట్టినవారి పేరు దగ్గర అమ్మ పేరు, దాని ముందు పుట్టింటి ఇంటిపేరు. అప్పటికి అమ్మకి పెళ్లయి ఆరేళ్లు. నాకు నాలుగేళ్లు, తమ్ముడికి ఇంకా రెండు నిండలేదు. ఆ ఎనిమిది నెలలూ అమ్మ ఒంట్లో బాగాలేక శానిటోరియంలో ఉందని మాకు చెప్పారు. నాయనమ్మ మమ్మల్ని పెంచింది. అమ్మ చిక్కిపోయి, జుట్టు ఊడిపోయి తిరిగి వచ్చిందని కూడా నాకు గుర్తుంది. గుర్తుంది అనుకుంటున్నాను. చెప్పగా చెప్పగా గుర్తయిందేమో.

శాలువా, కాగితాలు రెండూ తెచ్చి ఆమె ముందు పెట్టాను. శాలువా కప్పుకుంది. కాగితాలు మళ్లీ మడత పెట్టింది. ఎందుకు వెళ్లావమ్మా అని అడిగితే, "అదొక్కటే నాదే. అది కూడా నీకెందుకు?" అంది. ఆ మాట తర్వాత అడిగే ధైర్యం నాకు చాలాకాలం రాలేదు. కానీ నవల మొదలుపెట్టాను.

ఇక్కడ నన్ను నేను పట్టుకోవాలి. నేను మొదలుపెట్టింది రెండు కాలాల నవల. ఈ రకం నవలలు ఇప్పుడు ఎన్ని వస్తున్నాయో చదివేవాళ్లందరికీ తెలుసు. ఈనాటి కూతురు ఒకతె ఉంటుంది. చదువుకున్నది, ఏదో ఒక విరక్తిలో ఉన్నది. తల్లో అమ్మమ్మో చనిపోతుంది. పెట్టె తెరుచుకుంటుంది, ఉత్తరాలు దొరుకుతాయి. ఒక అధ్యాయం ఇప్పటిది, ఒక అధ్యాయం అప్పటిది. చివరికి కూతురికి తల్లి అర్థమవుతుంది, ఆ అర్థంతో తన బతుకు చక్కబడుతుంది. ఇలాంటివి నేను ఇష్టంగా చదివాను, ఏడుస్తూ కూడా చదివాను. కానీ ఈ అల్లికలోనే ఒక తీర్పు ముందే కుట్టేసి ఉంటుంది. తల్లి గతం కూతురికి రావలసిన బాకీ అన్న తీర్పు. తల్లి పోయాకే పెట్టె తెరుచుకోవడం కూడా ఊరికే జరగదు. బతికి ఉంటే నీకెందుకు అని అడుగుతుంది కదా.

టోనీ మారిసన్ 'బిలవ్డ్' 1987లో వచ్చింది. దాని మూలంలో ఉన్న మార్గరెట్ గార్నర్ కథ మనలో చాలామందికి తెలిసిందే. 1856లో కెంటకీ నుంచి గడ్డకట్టిన ఒహాయో నది దాటి పారిపోయి, పట్టుబడే క్షణంలో తన చిన్నారి కూతురిని బానిసత్వంలోకి తిరిగి పంపడం ఇష్టంలేక చంపేసిన తల్లి ఆమె. నవల గురించి మాట్లాడేటప్పుడు అందరం సెథ గురించి, చచ్చిపోయి తిరిగొచ్చిన బిడ్డ గురించి మాట్లాడతాం. నేను ఇన్నేళ్ల తర్వాత మళ్లీ చదివితే నాకు కనబడింది డెన్వర్, బతికి మిగిలిన కూతురు. ఆ పిల్ల చదువుకోడానికి వెళ్తున్నప్పుడు తోటి కుర్రాడొకడు ఆమె తల్లి జైలు సంగతి అడుగుతాడు. ఇంటికి వచ్చి తల్లిని అడుగుతుంది. అడిగి, జవాబు చెవిన పడకముందే చెవిటిదైపోతుంది. రెండేళ్లు ఆ పిల్లకి ఏ శబ్దమూ వినబడదు.

ఈ ఒక్క సంగతికి ఎంత విలువ ఇవ్వాలో నాకు తెలియడం లేదు. నిజం తెలుసుకునే హక్కు గురించి మనం మాట్లాడతాం. నిజం వినలేని దేహం గురించి మారిసన్ రాసింది. ఇంకొక సంగతి. అదే డెన్వర్‌కి తల్లి చెప్పే కథల్లో ఒకటి మాత్రం ప్రాణం. పారిపోతున్న తల్లికి నది ఒడ్డున, పడవలో, ఒక తెల్లపిల్ల సాయంతో తను పుట్టిన కథ. అది ఎన్నిసార్లయినా వింటుంది. తను లేని కథలు ఆమెకి అక్కర్లేదు.

నేనూ అంతే. చిన్నప్పుడు రాత్రుళ్లు అమ్మ పక్కలో పడుకుని, నేను పుట్టినప్పుడు ఏం జరిగిందో చెప్పమనేదాన్ని. వాన, లాంతరు, మంత్రసాని ఆలస్యంగా రావడం. వందసార్లు విన్నాను. నేను పుట్టకముందు నువ్వేం చేసేదానివి అని ఒక్కసారి కూడా అడగలేదు. తల్లుల జీవితంలో మనం ఉన్న భాగాన్నే తల్లి జీవితం అంటాం. ఆ రసీదులు నన్ను ఎందుకంత కలవరపెట్టాయంటే, అందులో నేను బతికే ఉండి కూడా లేను. నాకు నాలుగేళ్లు నిండాక ఒక మనిషి నేను లేని ఎనిమిది నెలలు బతికింది, అద్దె కట్టుకుంది, సంతకం పెట్టుకుంది.

మన సాహిత్యంలో ఇల్లు వదిలిన ఆడవాళ్లు లేకపోలేదు. చలం 'మైదానం' 1927 నాటిది. ఓల్గా 'స్వేచ్ఛ' 1987 నాటిది. వాటి మీద జరిగిన వాదాలు మనకి కంఠతా వచ్చు. కానీ వెళ్లి, తిరిగి వచ్చి, ఎందుకు వెళ్లిందో ఎందుకు వచ్చిందో చెప్పకుండా యాభై ఏళ్లు వంట చేసిన మనిషిని ఎక్కడ పెట్టాలి? తిరుగుబాటు అనలేం. లొంగుబాటు అంటే నాకే ఒప్పదు. ఎలెనా ఫెర్రాంటే 2006లో రాసిన నవల ఒకటుంది, ఇంగ్లీషులో 'ది లాస్ట్ డాటర్'గా వచ్చింది. అందులో లేడా అనే ప్రొఫెసర్ ఇద్దరు ఆడపిల్లల్ని వదిలి మూడేళ్లు వెళ్లిపోయి తిరిగి వచ్చింది. ఆ నవల చదువుతున్నంతసేపూ ఆమె పశ్చాత్తాపం కోసం వెతుక్కున్నాను. ఆమె ఇవ్వలేదు. ఇచ్చినట్టే ఇచ్చి తీసేసుకుంది. ఆ కోపంలో పుస్తకం రెండు రోజులు పక్కన పడేశాను.

మన దేశంలో వచ్చిన రెండు కాలాల నవలల్లో అందరూ చదివినది అరుంధతీ రాయ్ 'ద గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్', 1997. 1969లో ఒకసారి, 1993లో ఒకసారి అయ్‌మెనమ్ ఊళ్లో నడుస్తుంది. తల్లి అమ్ము చనిపోయినప్పుడు ఎంత వయసుందో సరిగ్గా అంత వయసులో, ముప్పై ఒకటిలో, రాహేల్ ఆ ఇంటికి తిరిగి వస్తుంది. అంటే పెట్టె తెరిచే కూతురు అన్న మూసలోనే ఉంది కథ. కానీ చివరి అధ్యాయం చూడండి. అమ్ము, వెళుత్త నది ఒడ్డున గడిపిన రాత్రులు. ఆ ఇద్దరూ చచ్చిపోయారు. రాహేల్‌కి ఎవరూ చెప్పలేదు, ఏ ఉత్తరంలోనూ దొరకలేదు. ఆ జ్ఞాపకం నవలలో ఎవరి సొత్తూ కాదు. పాఠకురాలికి తెలుస్తుంది, కూతురికి తెలియదు. తల్లి మీద పడిన తీర్పులన్నీ చదివించాక, చర్చి ఆమెని పూడ్చనివ్వకపోవడం కూడా చెప్పాక, ఆమె సంతోషాన్ని మాత్రం రచయిత్రి కుటుంబానికి వారసత్వంగా రాసివ్వలేదు.

వారసత్వం అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు. ఆ రచయిత్రి తల్లి మేరీ రాయ్ సిరియన్ క్రైస్తవ స్త్రీలకి తండ్రి ఆస్తిలో సమాన వాటా కోసం కోర్టుకెక్కి, 1986లో సుప్రీంకోర్టులో గెలిచిన మనిషి. ఆమె 2022లో పోయాక కూతురు 2025లో ఆమె గురించి జ్ఞాపకాల పుస్తకం తెచ్చింది. తల్లి ఆస్తి కూతురిదవ్వాలని మనం పోరాడాం, సరైనదే. తల్లి జ్ఞాపకం కూడా ఆ లెక్కలోకే వస్తుందా? ఇల్లు, పొలం పంచుకున్నట్టు ఆమె మౌనాన్ని కూడా అక్కాతమ్ముళ్లం పంచుకోవచ్చా?

అవని దోషి 2019లో రాసిన 'గర్ల్ ఇన్ వైట్ కాటన్' ఈ లెక్కని తలకిందులు చేసింది. బయటి దేశాల్లో 'బర్న్ట్ షుగర్' పేరుతో వచ్చి 2020లో బుకర్ తుది జాబితాకి ఎక్కిన నవల అది. పుణేలో తార అనే తల్లి మతిమరుపులోకి జారిపోతోంది. ఒకప్పుడు ఆమె భర్తని వదిలి, పసిపిల్లని చంకనేసుకుని ఆశ్రమంలో చేరింది, గురువుకి దగ్గరై బిడ్డని గాలికి వదిలేసింది. ఇప్పుడు ఆ బిడ్డ అంతర ఆమెకి అన్నం పెట్టాలి. తనకి చేసినవేవీ గుర్తులేని మనిషిని ఎలా నిలదీయడం? ఇదంతా చదివి కూతురి పక్షాన కూచున్నాక, దాచుకోవలసినది కూతురి దగ్గరే ఉందని తెలుస్తుంది. తల్లి మరచిపోవడం ఆమెకి నష్టమూ కాదు, భయమూ కాదు, అవసరం. ఈ నవల నాకు నచ్చిందని చెప్పలేను. దాని చల్లదనం నాకు పడలేదు. కానీ రహస్యాలు పై తరం నుంచి కింది తరానికే దిగుతాయనీ, పిల్లల చేతులెప్పుడూ శుభ్రమేననీ అనుకునే మన అలవాటుని అంత గట్టిగా చెంపమీద కొట్టిన పుస్తకం ఇంకొకటి నాకు తారసపడలేదు.

గీతాంజలిశ్రీ 'రేత్ సమాధి' 2018లో హిందీలో వచ్చింది. డైసీ రాక్‌వెల్ ఇంగ్లీషు అనువాదంతో 2022లో అంతర్జాతీయ బుకర్ తీసుకుంది. ఎనభై ఏళ్ల అమ్మ భర్త పోయాక గోడ వైపు తిరిగి పడుకుంటుంది. లేవదు. కూతురు ఆధునికురాలు, ఒంటరిగా ఉంటుంది, తనే ఇంట్లో స్వేచ్ఛ కనిపెట్టానన్న ధీమా ఉన్నది. అమ్మ లేచి కూతురి ఇంటికి వచ్చి, అక్కణ్ణుంచి పాకిస్తాన్ వెళ్తానంటుంది. వెంట వెళ్లిన కూతురికి అక్కడ అధికారులు ప్రశ్నిస్తున్నప్పుడు తెలుస్తుంది, విభజనకి ముందు తల్లికి అన్వర్ అనే భర్త ఉన్నాడని. గమనించండి, ఆమె కూతురిని కూచోబెట్టి చెప్పలేదు. కూతురికి అర్థం కావాలని చెప్పలేదు. తనకి అతన్ని చూడాలని ఉంది, దానికి చెప్పక తప్పలేదు. కూతురు పక్కనుంది కాబట్టి విన్నది. నాకు తెలిసిన నవలల్లో తల్లి తన గతాన్ని తన పనికే వాడుకున్న ఘట్టం ఇదే.

అయితే ఇదంతా చదివి తల్లుల మౌనహక్కు అని జెండా ఎత్తేస్తే సరిపోతుందా? నాకు అనుమానం. ఎందుకంటే మన ఉద్యమం మొదటి పాఠమే మౌనం వీడమని. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు అన్నేళ్ల తర్వాత నోరు విప్పారు. అందులో కమలమ్మ మాటలు చదివి నిద్రపోలేని రాత్రి నాకుంది. దళంలో ఉండటానికి పసిబిడ్డని ఇచ్చేయాల్సి వచ్చిన తల్లి ఆమె. ఆమె చెప్పకపోతే ఆ పోరాటానికి తల్లులు ఏం చెల్లించారో చరిత్రలో ఎక్కేదే కాదు. ఊర్వశీ బుటాలియా, రీతూ మేనన్, కమలా భసీన్ 1998లో తెచ్చిన పుస్తకాలు లేకపోతే, విభజనలో ఎత్తుకుపోబడి, కొత్త ఇళ్లలో పిల్లల్ని కని, 1949 చట్టం కింద 'తిరిగి రప్పించబడిన' ఆడవాళ్ల సంగతి, వదిలేసి రావలసి వచ్చిన పిల్లల సంగతి ఇంత తెలిసేది కాదు. వాళ్లని మాట్లాడించడం తప్పని ఎవరనగలరు? కానీ అక్కడ అడిగేవాళ్లు ఎదురుగా కూచుని అడిగారు. చెప్పేవాళ్లు ఎంత చెప్పాలో చూసుకుని చెప్పారు. చెప్పనివాళ్లూ ఉన్నారు, ఆ చెప్పకపోవడం కూడా ఆ పుస్తకాల్లో ఉంది. శాలువా మడతల్లోంచి లాగడం వేరు.

ఇంకొక సంగతి నన్ను వెంటాడుతోంది. మా అమ్మ మౌనం అమ్మనొక్కదాన్నే కాయలేదు. నాన్ననీ కాసింది, నాయనమ్మనీ కాసింది. ఒక ఇరవై ఏడేళ్ల మనిషి ఇద్దరు పసిపిల్లల్ని వదిలి, పుట్టింటికి కూడా కాదు, ఎవరూ తెలియని ఊరికి వెళ్లిపోయిందంటే ఆ ఇంట్లో ఏం జరిగి ఉండాలి? ఆ ప్రశ్న ఎవరూ అడగకుండా శానిటోరియం అన్న ఒక్క మాట యాభై ఏళ్లు కాపలా కాసింది. ఊళ్లో మా ఇంటి పరువు నిలబడింది. రహస్యం అమ్మదే కావచ్చు, దాని మీద వడ్డీ తిన్నది ఇంట్లో అందరూ. ఆమె నాది అంటున్నదాంట్లో ఎంత ఆమెదో ఆమెకైనా తెలుసా అనిపిస్తుంది. అలా అనిపించిన వెంటనే, ఆ మాట అనడానికి నువ్వెవరివని కూడా అనిపిస్తుంది.

తమ్ముడి సంగతి మరీ కష్టం. వాడికిప్పుడు యాభై ఆరు. ఈనాటికీ అమ్మ దగ్గితే కంగారు పడతాడు. చిన్నప్పుడు ఊపిరితిత్తుల జబ్బు చేసింది కదా అని డాక్టర్లందరికీ ముందుగా అదే చెప్తాడు. అమ్మ పక్కనే కూచుని తలూపుతుంది. అలా తలూపడం చూసినప్పుడల్లా నాకు గంగ ఒడ్డున ధర్మరాజు గుర్తొస్తాడు. ఒక లేని జబ్బు కోసం వాడు జీవితమంతా భయపడ్డాడు. ఆ భయం తీసేసే మాట నా దగ్గర ఉంది. అది నేను చెప్తే వాడికి రెండేళ్లు నిండకముందే అమ్మ వదిలేసి వెళ్లిందన్న మాట కూడా కలిపి చెప్పినట్టే. తమ్ముడు ఇలాంటి పత్రికలు చదవడు. ఆ ధీమాతోనే ఇది రాస్తున్నాను. ఇదేమంత గొప్ప నీతి కాదని తెలుసు.

నవల రాస్తున్నానని అమ్మకి తెలుసు. పోయిన వేసవిలో తనే అడిగింది, ఏం రాశావో ఇయ్యి అని. ఎనభై ఒకటి దాటింది, కళ్లజోడుతో ఇప్పటికీ చదువుతుంది. 1971 అధ్యాయాలు ఇచ్చాను. ఊరి పేరు మార్చాను, రసీదు మొత్తం మార్చాను. ఆ గది ఎలా ఉండేదో నాకు తెలియదు కాబట్టి మామూలు గది ఒకటి కల్పించాను. వీధి వైపు కిటికీ, కిరసనాయిలు పొయ్యి, చాప. మొదటి రాత్రి ఆమె చాప మీద పడుకుని పిల్లల్ని తలుచుకుని తెల్లవార్లూ ఏడ్చిందని రాశాను. అది రాస్తున్నప్పుడు నేనూ ఏడ్చాను.

నా పెన్సిల్ అడిగి తీసుకుని, రెండు మధ్యాహ్నాలు చదివింది. నాకు గుండె దడ. తిరిగి ఇచ్చాక ఒక్కో పేజీ తిప్పి చూశాను. కిటికీ దగ్గర 'పెరటి వైపు' అని సన్నగా రాసింది. అద్దె అంకె కొట్టేసి అసలు అంకె వేసింది. నేను కావాలని మార్చిన అంకెని. కిరసనాయిలు పొయ్యి కొట్టేసి బొగ్గుల కుంపటి అని రాసింది. ఎందుకు వెళ్లిందో నేను ఊహించి రాసిన మూడు పేజీల్లో ఒక్క గీత కూడా లేదు, ఒప్పుకోడానికో కాదనడానికో. ఆ తర్వాత పేజీలో 'ఏడ్చింది' అన్న మాట మీద పెన్సిల్‌తో ఒక గీత గీసింది. దాని బదులు ఏమీ రాయలేదు.

ఏడవలేదని చెప్పిందా, ఏడ్చింది కానీ అది నాకు ఇవ్వనందా అని ఆ గీత వంక చాలాసేపు చూశాను. వంటింట్లోంచి పిలిచి, కాఫీ కలపనా అని అడిగింది.